ఏది కొనాల్నో చెప్త

పాలమూరు గడియారం చౌరస్తాల నా పాత పుస్తకాల డబ్బా ముంగట
సైకిల్ మోటర్ ఆపి, చెప్పులిడిచి మరీ లోపటికొచ్చిండు.
చెప్పులిడిచేటంత జాగ లేదు నా దుకాణంల.
"గోల్ఫ్ కొట్టుడు నేర్పే బుక్కున్నదా, సారూ?"

ముప్పై రెండేండ్లల్ల
గైడ్లడిగిండ్రు, కానిస్టేబుల్ మోడల్ పేపర్లడిగిండ్రు,
ఒకాయన తేలుమంత్రం అడిగిండు.
ఇది ఎవ్వరడగలె.

ఉన్నై. మూడున్నై.
పట్నంల ఎవరో పెద్దాయన సచ్చిపోతే
కిలో లెక్కన తూకమేసి తెచ్చిన మూటల,
వంటల పుస్తకాల కింద, కలరా ఉండల వాసనతోని.

మొదటిది ఇటుక. అట్టమీద తెల్లప్యాంటు ముసలాయన.
నాలుగొందల పేజీలు, గాలి గురించే నలభై.
చదివితే ఆట రాదు, నిద్రొస్తది. వద్దు.

రెండోది మంచిదే, బొమ్మలు మస్తు,
గాని రాసినాయనది ఎడమచెయ్యి.
అద్దం ముంగట పట్టుకొని చదవాలె.
మీ ఇంట్ల అద్దం ఎంత పెద్దగున్నదో నాకెర్కలేదు.

మూడోది సన్నది. అరవై నాలుగు పేజీలు.
కుట్టు ఊడితే నేనే మళ్ల కుట్టిన.
ఇరవయ్యో పేజీ దాంక కర్ర లేవనే లేవది.
ఉత్త వేళ్లే. ఏ వేలు యాడ, బొటనేలు ఎటు చూడాలె.
గట్టిగ పిసికితె పగుల్తది, వదులు చేస్తె ఒలుకుతది,
నిండు కల్లు లొట్టి పట్టినట్టు పట్టాలె –
ఇది ఇంగ్లీషుల లేదు, నేను కలిపిన.
ఇదే తీస్కో.
ఒక్కటే లోపం,
యాభై ఒకటో పేజీ, దాని ఎనుక పేజీ లెవ్వు.
కర్ర కిందికి దిగుతుంటె చినిగింది.
తిప్పి చూస్తె బంతి అప్పటికే ఆకాశంల ఉన్నది.

పేరు కేశులట. షాద్‌నగర్ అవుతల మైదాన్ల
సంచులు మోస్తడట, పద్నాలుగు కర్రల సంచి.
సోమారం సార్లు రారు గనక
మోసేటోళ్లను గూడ కొట్టనిస్తరట.
ఇంటిపేరు చెప్పంగనె నాకు వాళ్ల నాయిన యాదికొచ్చిండు,
కుర్మయ్య, మా ఇంటికి పునాదిరాళ్లు కొట్టినోడు.
సమ్మెట ఎత్తితె నడుం ఎనుకకు మెలికపడేది,
దించితె "హుఁ" అని సగం వీధికి ఇనొచ్చేది.

నాకు జర కవిత్వం పుట్టింది.
"ఓరి, నీకు బుక్కెందుకురా?
మీ నాయిన సమ్మెట చూడు, గదే పాఠం" అన్న.
గొప్పమాట అన్ననని మీసం గూడ తిప్పిన.

వాడు నవ్వలె.
"సమ్మెట రాయి కాడ ఆగిపోతది సారూ.
ఆ దెబ్బ మళ్ల భుజంలకే వస్తది.
మా నాయిన కుడిచెయ్యి ఇప్పుడు దువ్వెన దాంక లేవది,
మా అమ్మ దువ్వుతది.
గీ ఆటల కొట్టినంక ఆగొద్దంట,
చెయ్యి బంతి ఎంబడే పోవాలెనంట.
మా ఇంట్ల అది ఎవ్వరికి రాదు.
గందుకే బుక్కు."

మీసం ఇడిచిపెట్టిన.

అట్టమీద నూటయాభై రాసి ఉండె. ఎనభై చాలన్న.
నూటయాభయే ఇచ్చిండు, అన్ని పది నోట్లు,
మడతలల్ల ఎండిన గడ్డి పోసలు.
"ఆ కాగితం దొరికితె ఫోన్ చెయ్యిన్రి" అని
నా బిల్లుబుక్కు ఎనుక నంబర్ రాసిండు.
బయట చెప్పులు తొడుక్కుంట కుడిభుజం ఒక్కసారి తిప్పి చూసుకున్నడు,
తనదేనా అన్నట్టు.

ఆ రాత్రి షట్టర్ సగం దించి
కొక్కెం రాడ్ పట్టుకున్న.
లొట్టి, లొట్టి అనుకుంట ఎత్తిన.
యాభయ్యో పేజీ దాంక మంచిగనే వచ్చింది.
ఆ తర్వాత
మైదా లై డబ్బా ఎగిరి గోడకు తాకింది,
పదో తరగతి గైడ్లన్ని తెల్లగ.

ఎడమచేతాయన ఇంక ఇక్కడనే ఉన్నడు.
ఎవరికన్న కావాల్నంటె రాన్రి,
అద్దం నేనిస్త.